వాతావరణ గది తాళంచెవి

మహారాష్ట్ర కొసనున్న సిరొంచలో కంప్యూటరు మీటను మొదట నొక్కినవారెవరని అడిగితే, ఆ జవాబు అజయ్‌కుమార్ తానే చెప్పేవాడు. రేగుంటలో వరి పండించే ఇంట పుట్టి, చంద్రపూర్‌లో కొంతకాలం చదివి, బస్టాండు దారిలో రేకుల కప్పు కింద కంప్యూటర్ క్లాసు తెరిచినవాడతడు. ఇంట తెలుగు, తహసీలు కచేరీలో మరాఠీ, బజారులో హిందీ, అడవి పల్లెల్లో గోండీ మాట్లాడే ఆ సీమలో, మౌసు పట్టడం మాత్రం అందరూ ఒక్కడి దగ్గరే నేర్చుకున్నారు. అందువల్ల అతడు 'కంప్యూటర్ సార్' అయ్యాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు నామవాచకం. అది మనిషితోనే ఉంటుంది. ఊరు పెట్టిన పేరు విశేషణం; దాన్ని రేపు మరొకరి పేరుకూ చేర్చవచ్చు. ఈ సంగతి అజయ్‌కుమార్‌కు రెండువేల తొమ్మిదో సంవత్సరం దాకా తట్టలేదు.

ఆ ఏడు వేసవి చివర ఒక విశ్వవిద్యాలయపు వాతావరణ శాస్త్ర విభాగంవారు సిరొంచ కాలేజీలో తమ ప్రయోగశాలకు ఒక చిన్న శాఖ పెట్టారు. మైదానంలో ఇనుప స్తంభం, దానిపై గాలికి తిరిగే గిన్నెలు, పక్కన గరాటు మూతి గల వాన కొలిచే డబ్బా, అక్కడి నుంచి గదిలోని కంప్యూటరు దాకా తీగ. ఆ అంకెలన్నీ కంప్యూటరులో చేరాలంటే ఒక సాఫ్ట్‌వేరు ఎక్కించాలి. దాని సీడీ పట్టుకుని నగరం నుంచి దీపశ్రీ మేడమ్ వచ్చారు. ప్రిన్సిపాలు కబురు పంపగా అజయ్‌కుమార్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. ఏడాదిపాటు ఆ గదిని చూసుకునే ఉద్యోగం ఒకటి ఉందని, గది తాళంచెవి ఎవరిచేత ఉంటే ఉద్యోగం వారిదేనని అప్పటికే ఊరంతా తెలుసు.

అజయ్‌కుమార్‌కు బోధనలో ఒక సూత్రం ఉండేది: కంప్యూటరు ఏమడిగినా 'సరే' అనాలి. ఎంతోమంది శిష్యులు ఆ సూత్రంతోనే గట్టెక్కారు. సీడీ పెట్టి, తీగ ఏ పోర్టుకు తగిలించారని అడిగితే 'సరే' అన్నాడు. ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తు అంటే 'సరే' అన్నాడు. డబ్బాలోని చిన్న దొప్ప ఒక్కసారి ఒరిగితే ఎంత వాన అని అడిగినా అదే మర్యాద చూపాడు. అంతా ముగిశాక తెరమీద అంకెలుండవలసిన చోటల్లా అడ్డగీతలే కనిపించాయి.

కాలేజీలో ప్రాక్టికల్సు చేయించే త్రివేణి వెనుక నిలబడి చిన్న పుస్తకం తిరగేస్తోంది. ఆ ఊరి రైతు కొండన్న కూతురు, మౌసు పట్టడం అజయ్‌కుమార్ దగ్గరే నేర్చుకున్నది.

"సార్, తీగ రెండో పోర్టుకు ఉన్నది. మనం ఒకటో దానికి సరే అన్నం," అన్నది మెల్లగా.

ఆమె కూర్చుని ప్రతి ప్రశ్నకూ పుస్తకంలో జవాబు వెతికి నింపింది. వేడి, తేమ, గాలి ఒక్కొక్కటిగా తెరమీద కొలువుదీరాయి. మేడమ్ చప్పట్లు కొట్టారు. తాళంచెవి త్రివేణి చేతికిచ్చి, "నెల రోజులు చూస్తాను. అంకెలు సరిగ్గా వస్తే ఈ పని నీదే. లేకపోతే అజయ్‌కుమార్‌గారికి అప్పగిస్తాను," అని మరాఠీలో చెప్పి వెళ్లారు.

ఎదుటివాని మేలును సహించలేకపోవడం ఈర్ష్య. ఎదుటివాని గుణంలోనే దోషం వెతకడం అసూయ. పెద్దలు ఈ రెంటినీ వేరుచేసి చెప్పారు గాని, మొదటిదాని నుంచి రెండోదానికి ఎంత తొందరగా చేరుకుంటామో చెప్పలేదు. అజయ్‌కుమార్‌కు ఒక్క వారం చాలింది. మొదట తాళంచెవి త్రివేణి చున్నీ కొసకు వేలాడటం చూసి కడుపు మండింది. తరువాత ఆమె వేళకు గది తీస్తే అది గొప్పలకు తీయడమైంది. తెరను గుడ్డతో తుడిస్తే అది చేతకానితనమైంది. పుస్తకం చూసి పనిచేస్తే, అయ్యో, పుస్తకం లేకపోతే ఏం చేస్తుందనిపించింది. పనున్నా లేకున్నా అతడు రోజూ కాలేజీ ముందునుంచే పోయేవాడు.

ఎరువులు, విత్తనాలు అమ్మే భుజంగరావు సేటు దుకాణం ఆ దారిలోనే ఉంది.

"ఏం సార్, గిటు తిరుగుడు ఎక్కువైంది?" అన్నాడు సేటు ఒకనాడు. "మీ శిష్యురాలు జబర్దస్త్ ఉన్నది. పొద్దుగాల వాన సంగతి ఆమెను అడిగే నేను దుకాణం తెరుస్తున్న."

"అది చెప్పుడేంది సేటూ? మిషను చెప్తది."

"మరి ఆ మిషను మీతోని ఎందుకు మాట్లాడలే?"

దుకాణంలో కూర్చున్నవాళ్లు నవ్వారు. అజయ్‌కుమార్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని.

ఆ కోపం ఇంట్లో తల్లి వెంకటవ్వ ముందు తీర్చుకునేవాడు. ఆ ఏడు వాన మొగం చాటేసింది. మిరుగం కార్తె పోయింది, ఆరుద్ర పోయింది, ప్రాణహిత ఒడ్డున నారుమళ్లు నెర్రెలు బారాయి. అన్నం పెడుతూ వెంకటవ్వ ఆకాశాన్ని తిడుతుంటే కొడుకు కాలేజీ డబ్బాను తిట్టేవాడు.

"ఇగ మన చేన్ల కురిస్తే లెక్కలేదే అవ్వా. త్రివేణి డబ్బాల పడ్డదే వాన. అండ్ల పడితెనే పెద్ద పెద్దోళ్లందరికి తెలుస్తది."

"ఆ డబ్బాల పడాల్నా?" అని వెంకటవ్వ ఆలోచనలో పడింది.

మరునాడు ఆడవాళ్లు కప్పతల్లి ఆడారు. వానలు లేనప్పుడు రోకలికి వేపమండలతోపాటు కప్పను కట్టి, భుజాలమీద మోస్తూ ఇల్లిల్లూ తిరిగితే, ఇంటివారు దానిమీద నీళ్లు పోయడం ఆ సీమ ఆచారం. రోకలి ఒక కొస వెంకటవ్వ భుజంమీద, మరో కొస పొరుగింటి సారక్క భుజంమీద ఉన్నాయి. వీధులన్నీ తిరిగి వాళ్లు చివరకు ఎటు వెళ్లారో క్లాసు చెప్పుకుంటున్న అజయ్‌కుమార్ చూడలేదు.

అతనికి తెలిసిందల్లా, ఆ మధ్యాహ్నం భుజంగరావు సేటు క్లాసుకే వచ్చి చెప్పిన వార్త.

"సార్, మీ త్రివేణి మిషను పిచ్చిలేసింది! చుక్క వాన లేదు, తొంభై మిల్లీమీటర్లు పడ్డదంటున్నది. నేను గొడుగు మరిచిన్నా ఏంది?"

అజయ్‌కుమార్ పరుగున వెళ్లాడు. తెరమీద తొంభై మిల్లీమీటర్ల వాన, కిటికీలో మండుటెండ. అన్నానికి పోయి వచ్చిన త్రివేణి మొగం పాలిపోయి ఉంది.

"సార్, జర మీరు చూడుండ్రి. నాకు సమజైతలేదు."

"ఏం చూడాలె? మొదలే తప్పు పెట్టినవ్. నేను పెట్టిన దాన్ని ఆగం చేసినవ్ గదా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నోట్లో బెల్లం కరిగినట్టయింది. బయటికి రాగానే మేడమ్‌కు ఫోను చేశాడు. ఆమె మరునాడే వస్తానన్నారు.

ఆనాడు ఇంటికి చేరేసరికి వెంకటవ్వ తడి కొంగు పిండుకుంటోంది.

"కొడుకా, ఇగ వాన ఆగదు సూడు. కప్పతల్లిని నీ డబ్బామీదికే తీస్కపోయినం. కావలాయన మంచోడు, గేటు తీసిండు. గరాటు మీద పట్టి, చెంబుకు చెంబు పోసినం. పెద్దోళ్లకు తెలుస్తదన్నవు గదా, తెలిసిందా?"

అజయ్‌కుమార్‌కు సంగతి అర్థమైంది. సాఫ్ట్‌వేరు తప్పు చెప్పలేదు. పోసినదాన్ని పోసినట్టు చెప్పింది. త్రివేణి ఏ ప్రశ్నకూ తప్పు జవాబు నింపలేదు. అయినా ఆ చెంబుల సంగతి తాను విప్పకపోతే తాళంచెవి తన జేబులోకి వస్తుంది. చెప్పాలని ఒకసారి, ఎందుకు చెప్పాలని పదిసార్లు అనుకుని, చివరకు ఎవరూ అడగలేదు గనక చెప్పలేదని తనకు తానే తీర్పు ఇచ్చుకున్నాడు.

మరునాడు మేడమ్ ప్రిన్సిపాలుతో కలిసి గదికి వచ్చారు. త్రివేణి సాఫ్ట్‌వేరును తీసి మళ్లీ ఎక్కించింది. తీగలు విప్పి మళ్లీ కలిపింది. కళ్లు వాచి ఉన్నాయి. దోషం దొరకలేదని ఆమె ఒప్పుకుంది. మేడమ్ నిట్టూర్చి అజయ్‌కుమార్ వైపు తిరిగారు. ఇంకొక్క క్షణం ఊరకుంటే చాలు.

అప్పుడు త్రివేణి చున్నీ కొసన ఉన్న తాళంచెవిని విప్పి, తానే అతని ముందు పెట్టింది.

"సార్‌కే ఇయ్యుండ్రి మేడమ్. నాకు నేర్పింది ఆయనే. నాకు దొరకని తప్పు ఆయనకు దొరుకుతది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే అజయ్‌కుమార్ హాయిగా తాళంచెవి తీసుకునేవాడు. గెలిచి తెచ్చుకోవలసినదాన్ని ఈ పిల్ల దయతలచి ఇస్తున్నది! పనిలో తనను మించింది, సరే, మంచితనంలోనూ మించాలా? ఈ కొత్త మంట ముందు పాత మంట చల్లారిపోయింది.

"తప్పేం లేదు మేడమ్," అన్నాడు గట్టిగా. "మా అవ్వ నీళ్లు పోసింది."

కప్పతల్లి కథ అంతా మరాఠీలో చెప్పవలసి వచ్చింది. రోకలి దగ్గరికి వచ్చేసరికి ప్రిన్సిపాలు, కప్ప దగ్గరికి వచ్చేసరికి మేడమ్ పొట్ట పట్టుకుని నవ్వారు. "నీకు ఎప్పుడు తెలిసింది?" అని మాత్రం ఎవరూ అడగలేదు. త్రివేణి ఒక్కతే నవ్వకుండా అతని మొగంలోకి చూసింది. చూసి తల దించుకుంది. మేడమ్ ఆ దొంగ వానను కొట్టివేయించి, డబ్బా చుట్టూ ముళ్లకంచె వేయించమని చెప్పి, తాళంచెవిని తిరిగి త్రివేణి చేతిలో పెట్టారు. ఏడాది పని ఆమెదే అయింది.

భోజనానికి కూర్చున్న కొడుకును వెంకటవ్వ అడిగింది.

"మా వాన రాసుకున్నరా, లేదా?"

"రాసుకున్నరు గని, మల్ల తుడిసేసిండ్రు."

"తుడిసేసిండ్రా! ఎవరు?"

"త్రివేణి," అన్నాడు అజయ్‌కుమార్. మీట నొక్కినది ఆమేనాయె.

"అయ్యో, దాని సదువు మన్నువడ! ఊరంత కల్సి పోసిన వానను తుడుస్తదా? నీ అసొంటోడు ఉంటే గిట్ల చేస్తుండెనా?" అని వెంకటవ్వ చాలాసేపు తిట్టింది.

మేడమ్ చెప్తేనే తుడిచిందని ఆమెకు చెప్పడం న్యాయం. అజయ్‌కుమార్ ఆ సంగతి ఎరుగును. అతడు తల వంచుకుని, ఇంకొంచెం పప్పు వేయించుకుని, ఆ రోజు అన్నం కడుపునిండా తిన్నాడు.