భుజం మీది మోటారు

నిరుటి వేసవి సంగతి. మహారాష్ట్రలోని చంద్రపూర్ బస్టాండు వెనక నాకు మోటారు వైండింగ్ షాపుంది. వైండింగ్ అంటే కాలిపోయిన మోటారు విప్పి, మాడిన తీగ లాగేసి, కొత్త తీగ చుట్టడం. మా ఎమ్మెల్యే సమ్మయ్య కూడా ఏళ్ల తరబడి నా పక్క బెంచీ మీద ఆ పనే చేశాడు. మాజ్రి బొగ్గుగని కార్మికుడి కొడుకు. కార్మికుల గొడవల్లో ముందు నిలబడి కార్పొరేటరయ్యాడు, తర్వాత ఎమ్మెల్యే. గెలిచిననాడు షాపు మూసి పేడా మిఠాయిలు పంచాను.

జివతి కొండల మీది ఒక ఊరి నుంచి పోసక్క అనే రైతు కాలిన మోటారును జీపులో తెచ్చింది. ఊరి బావికి సర్కారు ఒక కాంట్రాక్టర్ చేత కొత్తగా పెట్టించినది. సమ్మయ్యే రిబ్బన్ కత్తిరించాడు. "నేను గూడ వైండర్‌నే" అంటూ మోటారును భుజానికెత్తుకుని ఫొటో దిగాడు. ఆ ఫొటో నా షాపు గోడకు కూడా తగిలించుకున్నాను. నెల తిరక్కుండానే మోటారు కాలింది. ఆడవాళ్లు మళ్లీ బిందెలతో లోయలోకి దిగుతున్నారు.

విప్పి చూస్తే ఒళ్లు మండిపోయింది. పైన రేకు మీద 'కాపర్ వైండింగ్' అని ఉంది. లోపల రాగి రంగు పూసిన అల్యూమినియం తీగ! కాంట్రాక్టర్ మోసం నాకు కొత్త కాదు. కానీ రాగి బరువుగా ఉంటుంది, అల్యూమినియం తేలిక, మోటారు ఎత్తగానే చేతికి తెలిసిపోతుంది. మా షాపులో విప్పకుండా, ఎత్తి చూసి దొంగ మాల్ పట్టేసేది సమ్మయ్యే.

పోసక్కను వెంటబెట్టుకుని అతని ఆఫీసుకు పోయాను.

"భుజానికెత్తినప్పుడు నీకు ఎరుక కాలేదా సమ్మయ్యా?"

అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎరుకైందే అన్నా. గంతమంది ముందట ఏం చెప్పాలె? కాంట్రాక్టర్ మనోడే, ఎలక్షన్ల మనకోసం తిరిగిండు. వేరే మోటార్ ఇప్పిస్త గని, లొల్లి చెయ్యకు."

"ఆయన మనోడా? మరి గీమె ఎవలు?" అని అరిచాను. ఆఫీసంతా మావైపు తిరిగింది.

పోసక్క మాత్రం నెమ్మదిగానే అంది. "సారూ, గా దినం నీ భుజానికి అల్కగైన బరువు ఎటు వోలేదు. మా ఆడోళ్ల నెత్తి మీదనే ఉన్నది."

 సమ్మయ్య ఇప్పిస్తానన్న మోటారు కోసం చూడకుండా, కాలినదానికే రాగి తీగ చుట్టి ఊరికి పంపించాను. షాపుకు వచ్చి ఆ ఫొటో గోడ మీంచి తీసేశాను.

పనిచేసి వచ్చినవాడైతే మన కష్టం తెలుస్తుందని ఓటేశాను. తెలియకేం, సమ్మయ్యకు అందరికంటే ముందే తెలిసింది. ఇప్పుడు ఓటడగడానికి వచ్చినవాణ్ణి నీకు ఏ పని వచ్చని అడగను. నీ చేతికి తెలిసిందాన్ని మైకు ముందు చెప్తావా అని అడుగుతాను.