ఒడిలో పడ్డ గుడ్లు

ఆడపిల్ల కాలేజీకి పోవడమే మా పాలవాళ్ల బస్తీ గౌలిపురలో వింతగా ఉన్న కాలం అది. అలాంటిది, పోయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే "గుడ్లు పొదిగిస్తోంది" అని చెప్పాల్సి రావడం మా అమ్మకు తలవంపులుగా ఉండేది. ఊళ్లోనే వైద్య పరిశోధన చేసే ఒక సంస్థలో నేను అప్పుడు పీహెచ్‌డీ విద్యార్థిని. గుడ్డులో పిల్ల ఎలా తయారవుతుంది, దాని గుండె కొట్టుకోవడం ఎలా మొదలవుతుంది అన్నది నా విషయం. నేనెంత గంభీరంగా చెప్పినా పక్కింటి పెద్దమ్మ మాత్రం, "కోడి సదువుకోకుంటనే చేస్తది గద గా పని, దానికి నువ్వు గిన్నేండ్లు సదవాల్నా?" అని అడిగింది. దాంతో గల్లీలో నాకు గుడ్ల డాక్టరమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. యూనివర్సిటీ వాళ్లకంటే ముందే మా గల్లీ నాకు డాక్టరేట్ ఇచ్చేసింది.

గుడ్లు సంపాదించడం ఇంకో తంటా. పుంజుతో కలిసి తిరిగే కోడి పెట్టిన గుడ్డయితేనే లోపల పిల్ల వస్తుంది. ఆ సంగతి బజార్లో గుడ్లమ్మే భాయ్‌కి సిగ్గు చంపుకుని చెబితే, "అండా తో అండా హై బెహెన్, ఇస్కే అబ్బా కా నామ్ కౌన్ పూఛ్తా?" అని దుకాణమంతా వినేలా నవ్వాడు. గుడ్డు గుడ్డే, దాని అబ్బ పేరు ఎవడడుగుతాడు అని! నేను అడుగుతాను మరి. అదే నా ఉద్యోగం.

నా చదువును చూసి నవ్వనిది ఇంట్లో మా వదిన ఒక్కతే. అన్నకు పెళ్లయి చాలా ఏళ్లయినా వదినకు కడుపు నిలవలేదు. మూడుసార్లు తొలి నెలల్లోనే పోయింది. పోయిన ప్రతిసారీ అమ్మది ఒకటే మాట: "పుట్టని దానికి కన్నీళ్లు పెడ్తరా ఎవరన్న? మల్ల అయితది తియ్యి." అమ్మ చెడ్డది కాదు, తనకు పోయినప్పుడు తన అత్త అలాగే లేపి పనిలోకి దించింది. వదిన కూడా మరునాడే లేచి బర్రెల పాలు పితికేది. కానీ సాయంత్రం నేను రాగానే పక్కన కూర్చుని, "ఇయ్యాల కొట్టుకున్నదా? ఎంతుంటది పిల్లా, గుండె? ఆగిపోతే నొప్పైతదా దానికి?" అని అడిగేది. నాకు తెలిసినంత చెప్పేదాన్ని.

ఒక ఎండాకాలం మా సంస్థలో కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట, రేపటిదాకా రాదన్నారు. గుడ్లను వెచ్చగా ఉంచే పెట్టె చల్లబడుతోంది. అందులో నా థీసిస్‌కు ప్రాణంలాంటి కిటికీ గుడ్లున్నాయి. కిటికీ గుడ్డంటే, పెంకుకు చిన్న చిల్లు చేసి, లోపలి పిల్ల మీద మా ప్రయోగమేదో చేసి, పైన పారదర్శకమైన టేపు అంటించినది. అందులోంచి చూస్తే ఆవగింజంత ఎర్రటి చుక్క టక్కు టక్కుమని కొట్టుకుంటూ కనిపిస్తుంది. నా పరిశోధన చూసే సారు దూదిలో పెట్టమన్నారు. పాలవాళ్ల పిల్లను కదా, వేడి నిలపడానికి తవుడే మేలన్నాను. కరెంటు కోతలకని ఇంటి నుంచి తెచ్చిపెట్టుకున్న తవుడు గంపలో గుడ్లు సర్ది, ఇంట్లో పొయ్యి పక్కన వెచ్చగా ఉంచుదామని బస్సెక్కి, గంప ఒళ్లో పెట్టుకున్నాను. (పక్క సీటాయన "మీ బర్రె పూటకెన్ని లీటర్లిస్తదమ్మా?" అని అడిగాడు.)

అంత తెలివైనదాన్ని, ఇంట్లో బర్రె ఉందన్న సంగతి మరిచిపోయాను. కొట్టంలో అడుగు పెట్టానో లేదో, తవుడు వాసనకు మా నల్లబర్రె మూతి తెచ్చి గంపలో పెట్టింది. "వదినా!" అని కేక వేశాను. వదిన పరుగున వచ్చి కొంగు పట్టింది. నేను ఒక చేత్తో బర్రెను నెడుతూ, ఇంకో చేత్తో గుడ్లన్నీ తీసి ఆ కొంగులో పెట్టాను. గుడ్లు బతికాయి. నా థీసిస్ మాత్రం అక్కడితో చిక్కుల్లో పడింది.

మా వైపు ఒడిబియ్యమని, కొంగు పట్టిన ఆడమనిషి ఒడిలో బియ్యం పోస్తే అవి ఆమెవే, మళ్లీ తీసుకోరు. మరునాడు కరెంటొచ్చిందని కబురు తెలిసి నేను గుడ్లకోసం చెయ్యి చాపితే అమ్మ అడ్డం నిలబడింది. "ఒడిల పడ్డయి మల్ల గుంజుకుంటరానే? అందులనూ పిల్లలు లేనిదాని ఒడిలకెల్లి? నీ సదువు సల్లగుండ!" నేను మొత్తుకున్నాను, నెలల కష్టం అన్నాను. చివరికి సారే స్కూటరేసుకుని వచ్చారు. కొట్టం ముందు కుర్చీ వేసి, సల్ల, అంటే మజ్జిగ, ఇచ్చి, అమ్మ ఆయన్నీ అదే అడిగింది: "మీ దిక్కు ఒడిబియ్యం పోసి మల్ల అడుగుతరా సారూ?" విదేశాల్లో పెద్ద పెద్ద సభల్లో వాదించి వచ్చిన మనిషి సల్ల తాగి, వదిన ముఖం చూసి, జేబులోంచి థర్మామీటర్ తీసి గుడ్లున్న గంపలో గుచ్చి వెళ్లిపోయారు. "గుడ్లకు జరమొచ్చిందా ఏంది?" అంది అమ్మ.

వేడి ఊకతో, పాత చీర గుడ్డలతో వదిన వాటిని కాచింది. నాకు మనసాగలేదు. "వదినా, ఇవి పిల్లలు కావు. కిటికీ పెట్టిన గుడ్లు, బయటికి రావు" అని చెప్పేశాను.

"నాకెరుకనే పిల్లా," అంది. "పెంకుకు బొక్క కనిపిస్తలేదా నాకు? అయినా ఉన్నన్ని దినాలు ఎచ్చగుంచితే తప్పేంది?"

ఒకటొకటే ఆగిపోయాయి. చివరిది ఆగినప్పుడు వదిన టేపు మీద వేలు పెట్టి కూర్చుని ఉంది. అప్పుడు ఏడ్చింది. అట్లాంటి ఏడుపు మా ఇంట్లో నేనెన్నడూ వినలేదు, గల్లీ అంతా గుమిగూడింది. అమ్మ లోపలి నుంచి "గుడ్ల కోసం గింత లొల్లేందే..." అంటూ వచ్చి, వదిన ముఖం చూసింది. మెల్లగా పక్కన కూర్చుంది. తన కొంగు తీసి వదిన తల మీద కప్పింది.

"ఏడువు బిడ్డా," అంది. "గా మూడింటికి గూడ ఏడువు."

ఇద్దరూ కలిసి ఏడ్చారు. కొట్టం వెనక గుంత తవ్వింది అమ్మే, పసుపు చల్లిందీ అమ్మే. వదినకు ఆ తర్వాత పిల్లలు కలగలేదు. నా థీసిస్ ఆలస్యమైంది, ఆ గుడ్ల గురించి సారు నన్ను ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు నేనే సారు కుర్చీలో ఉన్నాను. గుండె ఆగిన గుడ్డును నా విద్యార్థులు వెంటనే తీసి పారేయబోతే, "ఉండనీ, ఈ పూటకు వెచ్చగా ఉండనీ" అంటాను. "ఆగిపోయింది కదా మేడం?" అంటారు. "నాకెరుకనే" అంటాను. మేడం చాదస్తమని వాళ్లు నవ్వుకుంటారు. నాకూ నవ్వొస్తుంది, తవుడు గంప ఒళ్లో పెట్టుకుని, ఆ గుడ్లన్నీ తనవే అనుకుంటూ బస్సులో కూర్చున్న ఆనాటి గుడ్ల డాక్టరమ్మను తలుచుకుంటే.