మంచు చేమంతి

పోయిన వారం మా అమ్మాయి ఫోన్లో చూసి తెప్పించుకున్న పూలమొక్క కర్నూలుకు వచ్చి చేరింది. అట్టపెట్టె విప్పితే తడి నాచు చుట్టిన వేరుముద్ద, దాని మీద జానెడు ఎండుపుల్ల. వెంట వచ్చిన కాగితంలో ఇది ఆస్టర్ అనీ, ఏళ్ళ తరబడి బతుకుతుందనీ, గడ్డకట్టే చలికి కూడా చావదనీ గొప్పగా రాసి ఉంది. మన ఎండల సంగతి మాత్రం ఆ రాసినవాళ్ళెవరికీ తట్టలేదు. "చచ్చినదాన్ని అంటగట్టినారమ్మా, వాపసు చేస్తా" అంది మా అమ్మాయి. నేను పెట్టె లాక్కున్నాను. ఆ పుల్ల నాకు తెలుసు. నా తోడికోడలి కాపురం అట్లాంటి పుల్ల మీదనే ఆగి ఉండింది ఒక చలికాలమంతా.

అప్పుడు మేము బేతంచెర్ల దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. వాకిలంతా మా ఆయన పనిచేసే పాలిష్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పగుళ్ళ బండలు. ఎండాకాలం కాళ్ళు కాలేవి, చలికాలం తెల్లారి చెంబు పట్టుకుని దిగితే అరికాళ్ళు జివ్వుమనేవి. మా అత్త మాటలు మాత్రం అన్ని కాలాల్లోనూ ఒకే రకంగా తగిలేవి. ఆమె దగ్గర బిచ్చమడిగి తిట్లు తిన్నవాడు పక్కవీధి నుంచి తిరిగి పోయేవాడు కానీ మా వీధి తొక్కేవాడు కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

మా మరిది బండల లారీ తోలేవాడు. అత్త తన తమ్ముని కూతుర్ని చేసుకోమంటే కాదని, ఒంటిమిట్ట దగ్గరి పల్లె నుంచి తనకు నచ్చిన పిల్లను చేసుకున్నాడు. అత్త ఆ పెళ్ళికి వచ్చింది, అక్షింతలు వేసింది, మరిచిపోలేదు. మూడేళ్ళయినా ఆ పిల్లకు కడుపు పండలేదు. ఒకసారి మరిది ఉత్తరాది కొండల్లోని ఏదో ఊళ్ళో బండలు దించి వస్తూ, గోనెపట్టాలో చుట్టిన ఒక మొక్క తెచ్చి, తల్లికివ్వకుండా నేరుగా పెండ్లాం చేతిలో పెట్టాడు. ఆ ఊళ్ళో అది మంచు కింద కూడా బతుకుతుందట. అత్త దానికి మంచు చేమంతి అని పేరు పెట్టింది, వెటకారంగానే. పేరు మాత్రం బాగుందని మేమంతా వాడుకున్నాం.

వాకిట్లో బండల సందున నాటితే కార్తీకంలో అది పూసింది. ఊదారంగు రేకులు, నడుమ పసుపు. అమ్మలక్కలు వచ్చి చూసి, ఆ పిల్ల చేయి మంచిదన్నారు. మా వైపు ఆ మాటకు విలువెక్కువ. ఊరగాయ జాడీలో తొలి ముక్క వేయాలన్నా, చేలో తొలి విత్తనం వదలాలన్నా చేయి మంచిదయి ఉండాలి. అత్త ఆ పిల్లను ఒక్కసారి కూడా జాడీ ముట్టనివ్వలేదు. ఆ రోజు అందరి ముందూ తేల్చేసింది: "అప్పుడే ఏమాయె? సలికి తట్టుకుండే చెట్టంట గదా, ఈ సలికాలం దాటిచ్చు. దాటితే ఊరగాయ జాడీ నీ చేతికే ఇస్తా. ఎండిపాయెనా, మా తమ్ముని కూతురు ఇంకా ఇంట్లోనే ఉండాది."

ఆ పిల్ల నవ్వింది, కానీ ఆ రోజు నుంచి సరిగ్గా నిద్రపోలేదు. పొద్దుగూకితే మొక్క మీద గోనె కప్పేది. బియ్యం కడిగిన నీళ్ళన్నీ దానికే. పుష్యం వచ్చేసరికి పూలు రాలాయి, ఆకులు కొస నుంచి నల్లబడుతూ దిగాయి, చివరికి పుల్ల మిగిలింది. మాకు ఎండకు మాడిన చెట్లు తెలుసు. చలికి పైన ఎండి, కింద వేరు దాచుకునే చెట్టు ఉంటుందని ఎవరికి తెలుసు? ఆ పిల్ల ఏడుస్తూ దాన్ని పెరకబోతే అత్త చేయి పట్టుకుంది. "అట్లే ఉండనీ. వచ్చినోళ్ళంతా సూడనీ" అంది. వచ్చినవాళ్ళందరికీ కాఫీ కంటే ముందు ఆ పుల్లనే చూపించింది. మాఘంలో, మరిది లారీ మీద ఉన్నప్పుడు, ఆ పిల్లను పుట్టింటి బస్సు ఎక్కించారు.

శివరాత్రినాడు వాకిలి కడుగుతుంటే పుల్ల మొదలు దగ్గర పచ్చగా కనబడింది. వంగి చూస్తే చుట్టూ పిలకలు! సంతోషం పట్టలేక అత్తను కేకేసి పిలిచాను. ఆమె వచ్చి చూసింది. లోపలికి పోయి, స్నానానికి పొయ్యి మీద కాగుతున్న నీళ్ళు బిందెతో తెచ్చి, పిలకల మీద కుమ్మరించింది.

"ఏం చేస్తాండావత్తా?"

"దాని చెట్టు సచ్చిపాయె. ఊరంతా సూసింది" అని ఖాళీ బిందె నా చేతికిచ్చి పోయింది.

బండ సందులో ఒక్క పిలక మిగిలితే పగిలిన కుండలో నాటి కట్టెల వెనుక దాచాను. మరిది రాగానే చూపించాను. "అమ్మకు తెలుసా వదినా?" అని మాత్రం అడిగాడు. ఫాల్గుణంలో పెద్దమనుషులు తెగతెంపులు చేశారు. ఆ నెలలోనే మరిదికి మేనమామ కూతురితో పెళ్ళయింది. నేనే వడ్డించాను.

శ్రీరామనవమికి ఒంటిమిట్ట పోతూ ఆ పిలకను తడిగుడ్డలో చుట్టి తీసుకుపోయాను. ఎందుకు తీసుకుపోయానో ఇప్పటికీ చెప్పలేను. తన తప్పు లేదని తెలిస్తే ఆ పిల్ల మనసు కుదుటపడుతుందనుకున్నానేమో. ఆమె వాళ్ళన్న ఇంటి ముందు మేకలకు కొమ్మలు వేస్తోంది. గుడ్డ విప్పి చూసింది. "ఎప్పుడు చిగురేసిందక్కా?" అంది. శివరాత్రికన్నాను. "అంటే నేను పోయిన రెండు వారాలకు" అని తనే లెక్క వేసుకుంది. "ఇది బతికిందని నాకు చెప్పనీకె ఇంత దూరం వచ్చినావా?" అని అడిగి, పిలకను మేక ముందు వేసింది. మేక ఒక్క నోట తినేసింది. నాకు మజ్జిగిచ్చి, బస్సు దాకా వచ్చి సాగనంపింది. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు.

మా అమ్మాయి తెప్పించిన పుల్లను కుండీలో నాటాను. రోజూ చూసి, పారేయమ్మా అంటుంది. శివరాత్రి దాకా ఆగమన్నాను. ఆ ఏడు మా ఇంట్లో ఎవరైనా ఆ మాట అని ఉంటే సరిపోయేది.