ఎర్రబడ్డ తాళంచెవి

మొన్న తెనాలి ఎరువుల కొట్లో నీలంగా మెరుస్తున్న మైలుతుత్తం చూడగానే నానమ్మ తాళంచెవి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు బడిలో మాస్టారు మైలుతుత్తం నీళ్ళలో ముంచిన మేకు ఎర్రబడింది. ఇనుమే రాగైపోయిందని ఇంట్లో చాటాను. నానమ్మ బొడ్లోంచి ఆవకాయ గది తాళంచెవి తీసింది.

"దీన్నీ ముంచవే, తుప్పు గోల వదులుద్ది."

మాస్టార్నడిగి తెచ్చిన మైలుతుత్తం నీళ్ళలో రాత్రంతా ఉంచాను. మర్నాడు ఎర్రగా మారిన తాళంచెవిని నానమ్మ వీధంతా చూపించి వచ్చింది. మధ్యాహ్నం రేపల్లె నుంచి వచ్చిన ఆవిడ అల్లుడు భోజనానికి కూర్చున్నాక ఆవకాయ తేబోతే తాళం తిరగలేదు. తాళంచెవి పళ్ళు కరిగిపోయాయి.

మాస్టారింటికి పరిగెత్తాను.

"ఇనుము తన ఎలక్ట్రాన్లు మైలుతుత్తంలోని రాగికిచ్చేసి నీళ్ళలో కలిసిపోయిందమ్మా, దాన్నే ఆక్సీకరణం అంటారు. ఆ రాగే పైన పూతలా పట్టింది."

అదే నానమ్మకు చెప్పాను.

"నీళ్ళల్లోనే ఉందా? అయితే ఆ నీళ్ళు తాళంలో పొయ్యవే!"

పోశాను. ఆక్సీకరణం అంటే ఇప్పటికీ నాకు, అల్లుడుగారు ఆవకాయ లేకుండా లేచిన ఆ భోజనమే.