ఆపరేషన్ అయిందని చెప్పాను

మా బడిలో డ్రాయింగ్ మాస్టారికి పక్షవాతం వచ్చిన సంవత్సరం నేను బాన్సువాడలో కిరాయికి ఉంటున్నాను. తొంభైల చివరి రోజులవి. మా ఆయనకు బోధన్‌లో ఉద్యోగం, వారానికోసారి వచ్చేవారు. నేనూ, అయిదేళ్ల మా పాపా, రెండు గదులు, వెనక చిన్న దొడ్డి. మాస్టారికి భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక గోధుమరంగు ఆడకుక్క. దాన్ని ఆయన "బిడ్డా" అని పిలిచేవారు. బడి వదిలే వేళకు అది గేటు బయటికొచ్చి కూర్చునేది. ఆయన సైకిల్ తీయగానే ముందు పరుగెత్తేది.

నిజామాబాద్ నుంచి చెల్లెలు ఆయన్ని తీసుకుపోవడానికి వచ్చింది. వాళ్లది మేడమీద వాటా, కుక్కను పెట్టుకోవడానికి కుదరదంది. చూడటానికి వెళ్లిన టీచర్లం మంచం చుట్టూ నిలబడ్డాం. ఆయన మాట ముద్దముద్దగా వస్తోంది. అయినా అర్థమైంది.

"ఉంచుకోమంటలేను టీచర్. మంచి ఇల్లు దొర్కెదాంక సూడుండ్రి. సాలు."

అందరూ నేలచూపులు చూస్తుంటే నేనే ఒప్పుకున్నాను. బయటికి రాగానే తోటి టీచర్లు మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు చాలా బాగుండింది. ఆ రోజు కుక్క గురించి ఆలోచించినదానికంటే నా గురించే ఎక్కువ ఆలోచించాను.

మా ఇంటి యజమానులు ముస్లింలు, బజారులో బట్టల దుకాణం వాళ్లది. నమాజు చేసుకునే చోటికి కుక్క రాకూడదని, అంతకు మించి తనకు అభ్యంతరం లేదని ఆ ఇంటి పెద్దావిడ అంది. నెల రోజుల్లో పంపించేస్తానని నేనే మాటిచ్చాను. పశువుల దవాఖానలో ఒక కాంపౌండర్ ఉండేవాడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. డ్యూటీ అయ్యాక ఇంటికే వచ్చి కుక్కకు సూది వేశాడు, పళ్లు చూసి నాలుగేళ్లుంటాయన్నాడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించవచ్చా అని అడిగితే, ఇక్కడ ఆ సౌలత్ లేదు, హైదరాబాద్ తీసుకుపోవాలని చెప్పాడు. బర్లకు, మేకలకే టైము సరిపోదు, కుక్కలకెవరు చేయిస్తారని నవ్వాడు.

ఇల్లు వెతకడం నేననుకున్నంత సులువు కాలేదు. రైసుమిల్లు గుమాస్తాను అడిగాను, బస్టాండు పక్క హోటలాయన్ని అడిగాను, తరగతి తరగతికీ చెప్పాను. ఎవరిని అడిగినా మొదటి ప్రశ్న ఒకటే. ఆడదా, మగదా? ఆడదనగానే మాట మారిపోయేది. ఏడాదికి రెండుసార్లు ఈనుతుంది, ఆ పిల్లల్ని ఎవరు సాకుతారని అడిగేవాళ్లు. మా పాప దానికి అలవాటు పడింది. నేను పడలేదు. సాయంత్రం బడి వదిలే వేళకు అది గేటు వైపు తిరిగి చెవులు నిక్కించి కూర్చునేది. మొదట్లో చూస్తే జాలేసేది. తర్వాత్తర్వాత విసుగేసింది.

రెండో నెలలో అది ఎదకొచ్చింది. వీధిలో ఉన్న మగకుక్కలన్నీ పొద్దంతా మా గేటు ముందే. పెద్దావిడ ఏమీ అనలేదు గానీ, ఆమె కొడుకు వచ్చి, వచ్చేపోయేవాళ్లకు ఇబ్బందిగా ఉందని మర్యాదగా చెప్పి వెళ్లాడు. ఆ వారంలోనే ఒకరోజు బడికి పోయే తొందరలో దొడ్డి తలుపు గొళ్లెం సరిగా పెట్టలేదు. సాయంత్రం వచ్చేసరికి కుక్క లేదు. కాసేపటికి తనే వచ్చింది, ఒళ్లంతా బురదతో. ఏం జరిగి ఉంటుందో నాకు తెలుసు.

పది రోజుల తర్వాత ఒకామె మా ఇంటికొచ్చింది. ఆమె కూతురు నా ఎనిమిదో తరగతిలో చదువుతోంది. కోటగిరి దారిలో కాలువ కింద వాళ్ల పొలం. అత్తమామల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కుక్క సంగతి కూతురు చెప్పిందట. ఆమె దొడ్డిలో నేల మీదే కూర్చుని దాని తల నిమిరింది. అది ఆమె ఒళ్లో మూతి పెట్టింది. మాస్టారు వెళ్లాక అది ఎవరి దగ్గరా అలా చేయలేదు.

ఆడదని తెలిసి ఆమె చెయ్యి ఆగింది.

"టీచరు గారూ, ఒక్క మాట నిజం చెప్పండి. దీనికి పిల్లలు పుడతాయా? ఇదివరకు మాకో ఆడకుక్క ఉండేదండి. దాని పిల్లల్ని మా ఆయన సంచిలో వేసుకెళ్లి కాలవ అవతల వదిలేసొచ్చారు. తల్లి పది రోజులు గట్టు మీదే తిరిగింది. మళ్లీ అది చూడటం నా వల్ల కాదండి."

ఆపరేషన్ అయిందని చెప్పాను. ఎక్కడ అని ఆమె అడగలేదు. నేనే, ఇక్కడే పశువుల దవాఖానలో, కాంపౌండర్ చేశాడని కలిపాను. అబద్ధానికి ఒక మనిషి తోడుంటే గట్టిగా ఉంటుందనిపించింది కాబోలు. టీచరు చెప్పాక ఇంకేం కావాలంటూ ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

ఆదివారం ఆమె భర్త ట్రాక్టరు మీద వచ్చి కుక్కను తీసుకుపోయాడు. పాప ఏడ్చింది. మంచి ఇల్లు దొరికిందని ఆ సాయంత్రమే నిజామాబాద్‌కు ఉత్తరం రాశాను. వారానికి జవాబొచ్చింది. కార్డు మీద అక్షరాలు లేవు. వంకరటింకర గీతలతో ఒక ఇల్లు, దాని ముందు ఒక కుక్క. పడిపోయిన కుడిచేతికి బదులు ఎడమచేత్తో వేసిన బొమ్మ. పాపకు కూడా చూపించకుండా పుస్తకాల మధ్య పెట్టేశాను.

రెండు నెలలు తిరక్కముందే ఆమె బడికి వచ్చింది. స్టాఫ్ రూములో నలుగురైదుగురం ఉన్నాం. గుమ్మంలో ఆమెను చూడగానే తిట్టడానికే వచ్చిందనుకున్నాను. ఆమె నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"మిమ్మల్ని మోసం చేశారండీ ఆ దవాఖానలో. ఆపరేషను చెయ్యకుండానే చేశామని చెప్పి పంపించేశారు. నాలుగు పిల్లలు పుట్టాయి."

గొంతు తగ్గించినా అందరికీ వినపడింది. అందరూ నావైపే చూస్తున్నారు. అప్పుడు ఒక్క మాట చెప్తే సరిపోయేది. "అట్లా చేశారా," అన్నాను.

ఆమె అట్నుంచటే దవాఖానకు వెళ్లింది. అక్కడ జరిగింది మా అటెండర్ చూసి వచ్చి చెప్పాడు. బర్లను తోలుకొచ్చిన రైతులందరి ముందూ కాంపౌండర్‌ను నిలబెట్టి కడిగేసిందట. చదువుకున్న టీచరమ్మనే మోసం చేశావు, ఇక చదువులేని వాళ్లనేం చేస్తావో, మూగజీవాల ఉసురు ఊరికే పోదు అందట. ఆయన తలవంచుకుని, తప్పయింది తల్లీ అని మాత్రం అన్నాడట. అటెండర్ నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

నాలుగు రోజులకు కూరగాయల మార్కెట్లో ఆయన ఎదురుపడ్డాడు. పక్కకు తప్పుకోబోయాను. ఆయన సైకిల్ దిగాడు.

"టీచరమ్మా, కుక్కకు నేను ఆపరేషన్ చేసిన్నట గదా."

గొంతులో కోపం లేదు. నేను సంచిలో టమాటాల వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఆమె ముంగట మీ మాట తియ్యలే. పిల్లలకు చదువు చెప్పేటోళ్లు. ఇజ్జత్ పోతె మల్ల రాదు." అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మరునాడే వెళ్లి ఆమెకు నిజం చెప్పాలనుకున్నాను. పరీక్షలన్నాను, పాపకు జ్వరమన్నాను. ఈలోగా మిగతా కథ ఆమె కూతురే తరగతిలో చెప్పింది. కుక్కపిల్లల దగ్గరికి వాళ్ల నాన్నను రానివ్వలేదట అమ్మ. కళ్లు తెరిచి, పాలు మానాక, గంపలో పెట్టుకుని ఊరూరూ నడిచిందట. ఇచ్చిన ఇళ్లకు మళ్లీ వెళ్లి, సరిగా చూస్తున్నారో లేదో చూసి వచ్చిందట. నాలుగింటికీ నాలుగిళ్లు దొరికాయి. నేను ఒక్కదానికి వెతకలేక అలసిపోయిన పని అది. ఆ పిల్ల ఎంతో గర్వంగా చెప్తోంది. మంచిది, కూర్చోమన్నాను.

ఎండాకాలం సెలవుల్లో నాకు బోధన్ బదిలీ అయింది. మరుసటి ఏడాది డ్రాయింగ్ మాస్టారు పోయారు. ఆయనకు నేను రాసిన ఉత్తరంలో ఒక్క ముక్కా అబద్ధం లేదు, నిజంగా మంచి ఇల్లే దొరికింది. కొన్నేళ్లు ఆ మాటనే పట్టుకుని గడిపాను.

ఆరేడేళ్ల తర్వాత ఒక పని మీద బాన్సువాడ వెళ్లి బస్టాండులో కూర్చుంటే, ఆమే గుర్తుపట్టి పలకరించింది. కూతురు నర్సింగ్ చదువుతోందని చెప్పింది. కుక్క ఉందట, ముసలిదైపోయిందట, చూపు సరిగా ఆనడం లేదట. మాటల్లో కాంపౌండర్ ప్రస్తావన ఆమే తెచ్చింది.

"ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుద్దండి."

ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పాను. ఆపరేషన్ సంగతీ, గొళ్లెం సంగతీ, స్టాఫ్ రూములో అన్న మాటా. కోటగిరి బస్సు వచ్చింది, ఆమె ఎక్కలేదు. బస్సు వెళ్లిపోయింది.

"నాకు అబద్ధం చెప్పారు, అది సరేనండి. ఆ పెద్దాయన్ని నాచేత అంతమందిలో అన్ని మాటలు అనిపించారు. ఆయన ఎక్కడుంటారిప్పుడు?"

అదే కనుక్కుని, ఆ తర్వాతి ఆదివారం ఇద్దరం షేర్ ఆటోలో నస్రుల్లాబాద్ వెళ్లాం. దారిలో ఆమె నాతో మాట్లాడలేదు. కాంపౌండర్ తన కొడుకు ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, కంటి ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని. ఆమె వెళ్లి రెండు చేతులూ జోడించింది. తెలియక అన్నాను, మనసులో పెట్టుకోవద్దంది. ఆయన ఆమె గొంతు గుర్తుపట్టి, గా సంగతి ఎప్పుడో మర్చిపోయిన్నంటూ ఆమెను కూర్చోబెట్టి, కుక్క ఎట్లుందని అడిగాడు. పళ్లు ఊడితే అన్నం మెత్తగా పిసికి పెట్టమని చెప్పాడు.

ఏమేం చెప్పాలో నేను వారమంతా అనుకుంటూనే ఉన్నాను. తీరా అక్కడ, తప్పు నాది అన్న రెండు మాటలే చెప్పగలిగాను. ఆయన నావైపు తిరిగాడు.

"వచ్చి చెప్తరేమో అనుకున్న టీచరమ్మా. ఓ నెల రోజులు దవాఖాన వాకిట్ల మీ కోసం చూసిన. ఎన్కనుంచి చూసుడు బంద్ పెట్టిన."

కోడలు చాయ్ తెచ్చింది. తాగాం. ఆయనా ఆమే వానల గురించి, నిజాంసాగర్ నీళ్ల గురించి మాట్లాడుకున్నారు. తిరిగి బాన్సువాడ వచ్చాక ఆమె కోటగిరి బస్సెక్కింది. ఇంటికొచ్చి ఒకసారి కుక్కను చూసి పొమ్మని అనలేదు. వస్తానని అడిగే మొహం నాకూ లేదు.