వెనకద్దం మీది ముగ్గు

మస్కట్‌లో బండి దుమ్ము పట్టి కనిపిస్తే పోలీసులు ముఖాలఫా రాస్తారని, అంటే జరిమానా వేస్తారని, నేను వచ్చిన కొత్తలో ఎవరో చెప్పారు. అలా రాయించుకున్నవాణ్ణి ఇంతవరకూ నేను చూడలేదు. అయినా ఆ భయం నన్ను వదల్లేదు. అల్ మవాలేలో ఒక ట్రేడింగ్ కంపెనీలో లెక్కలు రాసుకునేవాణ్ణి. జరగని నష్టానికి కూడా ముందే ఏర్పాటు చేసి పెట్టుకోవడం మా వృత్తి. అలాంటివాడికి, మట్టి ట్రాకు మీద కార్ల రేసులంటే పడిచచ్చే భార్య దొరికింది.

ఆ పిచ్చి పట్టించింది నేనే. ఒక శుక్రవారం పిక్నిక్‌కని బయల్దేరి, దారి తప్పి, కొండల వెనక ఒక మైదానంలో తేలాం. అక్కడ చదును చేసిన గుండ్రటి మట్టి బాట మీద జీపులూ పికప్పులూ మలుపుల్లో పక్కకి జారుతూ, ఆకాశానికి మట్టి ఎగజిమ్ముతూ తిరుగుతున్నాయి. మా ఆవిడ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తియ్యడం మరిచిపోయింది. సాయంత్రానికల్లా ఒక పసుపు పికప్పుని తనదిగా చేసేసుకుంది. అది అందరికంటే ఆఖరున వచ్చింది.

"పాపం, దానికెవరూ లేరండీ," అంది.

ఇక ప్రతి చలికాలం శుక్రవారాలన్నీ దానికే రాసిచ్చేశాం. పొద్దున్నే తలంటుకోవడం, మధ్యాహ్నానికి మట్టి కొట్టుకుపోవడం. గుడికెళ్లి స్నానం కూడా చెయ్యకుండా దేవుణ్ణి చూస్తే ధూళి దర్శనం అంటారు. మాది అంతకంటే గట్టిది, దర్శనమయ్యేదే ధూళి. నాకు వేగమంటే ఉద్వేగం. నూట ఇరవైలో వెళ్లమన్న రోడ్డు మీద ఎనభైలో వెళ్లేవాణ్ణి. షినాస్ వైపు రేసుంటే, ఆ తీరం రోడ్డు పొడవునా ఆవిడ వ్యాఖ్యానం సాగేది.

"అదిగో, సిమెంటు లారీ కూడా దాటేసింది. టాటా చెప్పండి, బాగోదు."

"నిదానంగా వెళ్తే తప్పేంటి?"

"తప్పేం లేదు. మనం చేరేసరికి వచ్చే ఏడాది రేసు మొదలవుతుంది, అంతే."

తిరిగొచ్చి అల్ ఖౌద్‌లో మా బిల్డింగ్ కింద బండి ఆపగానే ఆవిడ వెనక్కి వెళ్లి, అద్దం మీద పేరుకున్న దుమ్ములో వేలితో ముగ్గు వేసేది. ముందు చుక్కలు, తర్వాత వాటిని చుట్టుకుంటూ మెలికలు. అపార్ట్‌మెంటు గుమ్మం ముందు పలకరాళ్ల మీద పిండి నిలిచేది కాదు. దొరికిన వాకిలి ఇదేనంది. ఆవిడ మెట్లెక్కీ ఎక్కకముందే నేను బకెట్టుతో దిగేవాణ్ణి, ముఖాలఫా భయంతో. పొద్దున ఖాళీ అద్దం చూసి ఆవిడ నా దుమ్ము దులిపేది. నేనప్పటికే బండి దుమ్ము దులిపేసి ఉండేవాణ్ణి గనక ఇద్దరికీ పని సమానం.

కిందటేడు వేసవిలో ఆవిడకి, తగ్గిపోయిందనుకున్న కాన్సర్ తిరగబెట్టింది. ఈసారి డాక్టరు వాడిన మాటల్లో "నయం" అన్నది లేదు. బయటికొచ్చి బండెక్కాక ఆవిడ చాలాసేపు బెల్టు పెట్టుకోలేదు.

"ఈ సీజన్ మొత్తం చూస్తానండీ. ఆఖరి రేసుదాకా. అంతే నాకు కావాల్సింది."

ఆవిడ కోరింది అంతే. అడ్డుపడేవి మాత్రం చాలా ఉన్నాయి. మందెక్కించిన వారం ఒళ్లు నిలబడేది కాదు. అయినా చాప, దిండు, మజ్జిగ ఫ్లాస్కు, వాంతికి కవరు పెట్టుకుని వెళ్లాం. ఆడవాళ్లూ కుటుంబాలూ కూర్చునే వైపు ఒక ఒమానీ పెద్దావిడ ప్రతిసారీ మాకు కాస్త జాగా ఉంచేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పసుపు పికప్పు వస్తే ఇద్దరూ కలిసి అరిచేవాళ్లు. జనవరికల్లా మా ఆవిడ గొంతు తగ్గిపోయింది. అప్పుడు ఆ పెద్దావిడ ఇద్దరి వాటా తనే అరిచింది.

ఆఖరి రేసు రోజు పొద్దున జ్వరం. వద్దన్నాను.

"మీరు పెట్టిన ఆంక్షలన్నీ ఇన్నాళ్లూ విన్నాను కదా? ఇదొక్కటి మీరు వినండి."

విన్నాను. ఆ రోజు కూడా ఎనభైలోనే వెళ్లాను. ఆవిడ ఏ లారీకీ టాటా చెప్పమనలేదు.

ఆఖరి పోటీ మొదలైంది. చుట్టూ ఇంజన్ల మోత, హారన్లు, అరుపులు. ఆ హోరు మధ్య ఆవిడ నా భుజం మీద తల ఆన్చి నిద్రపోయింది. ఒంటినొప్పులతో ఇంట్లో నిశ్శబ్దంలో పట్టని నిద్ర, అక్కడ పట్టింది. లేపాలా? ఏడాదంతా ఎదురుచూసింది దీనికోసమే. పెద్దావిడ నా వైపు చూసి, చెయ్యి కిందకి ఆడించి వద్దంది. లేపలేదు. మా ఆవిడ కొంగుతోనే తన మొహం మీద దుమ్ము పడకుండా కప్పి, ఆ కొంగు పైకీ కిందకీ కదలడమే చూస్తూ కూర్చున్నాను.

తిరుగు దారిలో ఆవిడకి పూర్తిగా మెలకువొచ్చింది.

"మనవాడు గెలిచాడా?"

"తెలీదు."

"తెలీదేంటండీ? కళ్లెదురుగా జరిగితే!"

"నేను చూడలేదు."

"బాగుంది మన జంట. ఒకరు పడుకున్నారు, ఒకరు పడుకున్నవాళ్లని చూశారు. రేసెందుకు పెట్టారో పాపం వాళ్లు." చాలా రోజుల తర్వాత నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది.

ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని బండి వెనక్కి నడిచింది. అద్దం మీద వరసగా చుక్కలు పెట్టింది. వేలు ఆగింది.

"మిగతాది రేపు వేస్తాను. కడక్కండి."

కడగలేదు. తెల్లారి హాస్పిటల్‌కి అంబులెన్సులో వెళ్లాం. బండి కిందే ఉండిపోయింది.

అన్నీ ముగిసి నేను ఒక్కణ్ణే రూపు చెడి తిరిగొచ్చేసరికి, మా బిల్డింగ్‌లో కార్లు తుడిచే బంగ్లాదేశీ ఎదురొచ్చాడు. సంగతి ముందే విన్నట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సాబ్, గాడీ బహుత్ గందా థా. ఆప్ పరేషాన్ హై, ఇస్‌లియే మైనే ధో దియా."

బండి మురికిగా ఉందని, నాకు కష్టంలో ఉపయోగపడాలని, అడక్కుండానే కడిగిపెట్టాడు. బండి మెరుస్తోంది. వెనకద్దంలో నా మొహం స్పష్టంగా కనిపించింది. అతని భుజం మీద చెయ్యి వేసి షుక్రియా అన్నాను. ఇంకేమనాలి? ఇన్నేళ్లూ నేను చేసిన పనే కదా అతను చేసింది.

ఈ చలికాలం మొదటి రేసుకి వెళ్లొచ్చాను. పెద్దావిడ పక్కన జాగా ఉంచింది, ఆడవాళ్ల వైపు ఒంటరి మగాణ్ణి కూర్చోలేక దూరంనుంచే చెయ్యెత్తాను. పసుపు పికప్పు ఈసారి కూడా ఆఖరే. ఆ ఆఖరి రేసు గెలిచిందో లేదో ఎవర్నడిగినా చెబుతారు. అడగలేదు.

తిరిగొచ్చాక బంగ్లాదేశీ బకెట్టుతో వచ్చాడు. వెనకద్దం వదిలెయ్యమన్నాను. సరేనని చుట్టూ అంతా తుడిచి వెళ్లిపోయాడు. దుమ్ములో ఆవిడ పెట్టినన్ని చుక్కలు పెట్టాను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి ఎటు తిప్పేదో, ఎప్పుడూ నిలబడి చూడలేదు.