ఓడినవాళ్ళ కాఫీ

సైగాన్‌లోని బిన్ థాన్ పేటలో ఒక సందు మొదట్లో మంచుకాఫీ అమ్మే, అందరూ ఏడో పిన్ని అని పిలిచే ఆవిడకి, మేడమీద మూడో అంతస్తులో ఉన్న ఆఫీసువాళ్ళు ఏం పని చేస్తారో తెలియదు. అక్కడ ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో మాత్రం ప్రతి గురువారం తెలిసిపోయేది. ఓడినవాళ్ళు కిందికి దిగి, గెలిచినవాళ్ళకు డబ్బాలో వచ్చే తీపి గడ్డపాలు పోసిన కాఫీ కొనుక్కెళ్ళాలి. అది ఆ ఆఫీసు కట్టుబాటు. అక్కడ పనిచేసే ఖువే రెండేళ్ళలో అందుకోసం దిగింది నాలుగంటే నాలుగుసార్లు.

వాళ్ళ పని చదవడం. ఎవరో ఒక క్రిప్టో టోకెన్ తయారుచేస్తారు. దాని లావాదేవీలు నడిపే ప్రోగ్రామును స్మార్ట్ కాంట్రాక్టు అంటారు. జనంలోకి వదిలాక అందులో ఒక్క అక్షరం మార్చడానికి వీలుండదు కాబట్టి ముందే వీళ్ళకు పంపుతారు. ఇద్దరు విడివిడిగా చదువుతారు. ఒకరు రాసుకున్నది ఇంకొకరు చూడరు. గురువారం అందరి ముందూ ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకుంటారు. తాను పట్టిన తప్పు తప్పేనని నిలబెట్టుకోగలిగితే అది నివేదికలోకి ఎక్కుతుంది. లేకపోతే బోర్డు మీంచి తుడిచేస్తారు. తుడిచినదానికి ఆనవాలు ఉండదు.

ఖువేకి ముప్ఫై ఆరేళ్ళు. పుట్టింది కొబ్బరితోటల బెన్ ట్రెలో. తల్లి కొబ్బరి మిఠాయికి కాగితాలు చుట్టే పని చేసేది. సెలవుల్లో కూతురూ పక్కన కూర్చుని చుట్టేది. చెయ్యి ఎంత వేగమో నోరు అంతకు రెట్టింపని ఆ షెడ్డులోని ఆడవాళ్ళు అనేవారు. సైగాన్ వచ్చి ఒక కంపెనీలో ఆరేళ్ళు ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం చేసింది. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో నడిచే పోటీల్లో దిగింది. అక్కడ తప్పును ముందు పట్టినవాడిదే బహుమతి. నిదానంగా చదివేవాళ్ళను చూస్తే ఆమెకు అప్పటినుంచే జాలిగా ఉండేది.

తువాంగ్‌ది సరిగ్గా ఆ నిదానం. యాభై రెండేళ్ళవాడు. పాతికేళ్ళు బ్యాంకులకు ప్రోగ్రాములు రాసి ఈ పనిలోకి వచ్చాడు. పెదవులు కదిపి ప్రతి వరసా చదువుతాడు, బడిపిల్లల గళ్ళ నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకుంటాడు. ఖువే ఒక్క రోజులో ముగించేదానికి అతనికి మూడు రోజులు కావాలి. ఆమె గెలిచినప్పుడల్లా బోర్డు మూల ఒక తాబేలు బొమ్మ వేసేది. అందరూ నవ్వేవారు, తువాంగ్ కూడా.

ఆ గురువారం బోర్డు మీద ఉన్నది జనం టోకెన్లు దాచుకునే ఒక పెట్టెలాంటి ప్రోగ్రాము. వేసినదాన్ని బట్టి వాటా ఇస్తుంది, తీసుకునేటప్పుడు వాటా ప్రకారం పంచుతుంది.

“మొదట వేసేవాడు ఎవడైనా కావచ్చు కదమ్మా,” అన్నాడు తువాంగ్. “ఒక్క గింజ వేస్తాడనుకో, ఒక వాటా వస్తుంది. ఆ తర్వాత వాటా అడక్కుండా పెట్టెలోకి నేరుగా ఒక బస్తా కుమ్మరిస్తాడు. ఇప్పుడు ఆ ఒక్క వాటా విలువ బస్తా. ఇంకొకడొచ్చి అరబస్తా వేశాడు. వాడికి అర వాటా రావాలి. ఈ ప్రోగ్రాముకి అరలు తెలీవు, సున్నా ఇస్తుంది. వాడి అరబస్తా లోపలే ఉండిపోతుంది. మొదటివాడు తన ఒక్క వాటా చూపించి మొత్తం ఊడ్చుకుపోతాడు.”

“మొదట వేసేది ఆ టోకెన్ వాళ్ళేనన్నా. వాళ్ళ పత్రంలో రాశారు, పన్నెండో పేజీ. తెరిచిన వెంటనే తొలి జమ తామే వేస్తారట. నువ్వింకా పన్నెండో పేజీ దాకా రాలేదా?” అంది ఖువే.

గదిలో నవ్వులు లేచాయి.

“పత్రం నడవదమ్మా. నడిచేది ప్రోగ్రాము.”

“అంటే వాళ్ళు అబద్ధం రాశారంటావు.”

“అలా అన్లేదు.”

“మరెలా అన్నట్టు? గంటైంది. నీ బస్తాలు మోసి మోసి అందరికీ నడుములు పట్టేశాయి.”

తువాంగ్ నోరు తెరిచాడు. చుట్టూ ఉన్న నవ్వుమొహాలు చూశాడు. పెన్సిలు నోటుపుస్తకంలో పెట్టి మూసేశాడు. “సరే, తుడిచెయ్,” అన్నాడు.

ఖువే తుడిచింది. మూలన వేసిన తాబేలుకి ఈసారి వీపు మీద ఒక బస్తా కూడా పెట్టింది. అతను కిందికెళ్ళి కాఫీ తెచ్చాడు. ఆమె గ్లాసు అడుగున మంచు గలగలలాడేదాకా తాగింది.

మూడు వారాల తర్వాత మంగళవారం ఉదయం పది గంటలకు ఆ పెట్టెను జనానికి తెరిచారు. తొలి జమకు టోకెన్ బృందంలో ముగ్గురి ఆమోదం కావాలి. మూడోవాడు మోటార్‌సైకిల్ మీద వానలో ఇరుక్కున్నాడు. పదీ ఒకటికి ఊరూ పేరూ తెలియనివాడెవడో ఒక గింజ వేశాడు, బస్తా కుమ్మరించాడు. పదీ ఇరవైకి మొత్తం ఊడ్చుకుపోయాడు. మధ్యలో వేసిన నూటపన్నెండు మందికి మిగిలింది సున్నా.

మధ్యాహ్నానికి వాళ్ళ సందేశాలు ఆఫీసు ఫోన్లలో పడడం మొదలైంది. మీ ముద్ర చూసే వేశాం అన్నదే అన్నింటి సారాంశం. చదివేది ఇద్దరైనా, నివేదికలో ఒక్కో భాగం కింద ఒక్కరి సంతకమే ఉంటుంది. పెట్టె భాగం కింద ఉన్న సంతకం తువాంగ్‌ది. ఆ పేజీ ఫొటో తీసి, అతని పేరు చుట్టూ ఎర్ర గీత గీసి అందరికీ పంపుతున్నారు.

సంస్థ యజమాని ఫాంగ్ ఖువే కంటే చిన్నవాడు. అందరినీ గదిలోకి పిలిచాడు. “ఇది మనవాళ్ళెవరికీ కనబడలేదా? ఒక్కరు కూడా అనలేదా?” అన్నాడు. ఆ గురువారం అతను హనోయ్‌లో ఉన్నాడు. ఆ రోజు గదిలో ఉన్న మిగతా ముగ్గురికి నవ్విన సంగతే గుర్తుంది, దేనికి నవ్వారో గుర్తులేదు.

ఖువే బోర్డు వైపు చూసింది. శుభ్రంగా ఉంది. హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు చెవులు కాలిపోయాయి.

తువాంగ్ ఒక్కసారి ఆమెవైపు చూశాడు. ఒక ఊపిరి తీసి వదిలేంతసేపు. “నా భాగం. సంతకం నాది,” అన్నాడు ఫాంగ్‌తో.

నోటుపుస్తకం అతని సొరుగులోనే ఉంది. తీసి బల్లమీద పెడితే చాలు. తీయలేదు.

బుధవారం మధ్యాహ్నం ఎప్పటిలాగే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నూకన్నం తిన్నారు. తువాంగ్ తన పళ్ళెంలోని కాల్చిన పంది ముక్క తీసి, ఎప్పటిలాగే ఆమె అన్నం మీద పెట్టాడు. “డాక్టరు నన్ను కొవ్వు తినొద్దన్నాడు, నువ్వు తిను,” అన్నాడు. ఆమె తింది. ఏ మాట అన్నా ఆ ముక్క మింగడం కంటే తేలికగా ఉండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. తనకు తాను చెప్పుకోవడానికి ఆమె దగ్గర సాకులకు కొదవలేదు. పత్రంలో నిజంగానే రాసి ఉంది. తుడవమన్నది అతనే. సంతకం అతనిదే. ప్రతి సాకునూ ఎదుటి పక్షాన నిలబడి తానే ఓడించగలదు. ఆ విద్యలోనే ఆమెకు పేరు.

గురువారం టోకెన్ బృందంతో వీడియోలో సమావేశం. ఫాంగ్ ప్రకటన చదవడం మొదలుపెట్టాడు. ఈ లోపం సంబంధిత పరిశీలకుని దృష్టికి రాలేదని, ఆయన్ను ఇకపై పరిశీలన పనికి దూరంగా ఉంచుతున్నామని రాసుకొచ్చాడు. తువాంగ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు.

“దృష్టికి వచ్చింది,” అంది ఖువే.

ఫాంగ్ ఆగాడు. “ఏంటక్కా?”

“ఆయన పట్టుకున్నాడు. గింజ, బస్తా, సున్నా, అన్నీ చెప్పాడు. నేనే వాదించి తీసేయించాను. వాళ్ళ పత్రంలో పన్నెండో పేజీ చదివి ఆ మాట నమ్మాను. నోటుపుస్తకం ఆయన సొరుగులో ఉంది, తేదీతో సహా.”

తెరమీద అవతలివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఫాంగ్ చటుక్కున మైకు ఆపేశాడు.

“ఇది నాకు ముందే చెప్పొచ్చు కదక్కా! వాళ్ళ ముందా?”

“రెండ్రోజులు టైముంది, చెప్పలేదు. నీకొక్కడికే చెప్పుంటే ప్రకటనలోకి రానిచ్చేవాడివా?”

సాయంత్రానికి ఫాంగ్ ప్రకటన మార్చాడు. ఒక పరిశీలకుడు లోపాన్ని గుర్తించగా మరొకరు తోసిపుచ్చారని రాశాడు. ‘మరొకరు’ అన్నచోట ఖువే తన పేరు తానే టైపు చేసింది. ఆరు నెలలపాటు ఆమె సంతకం ఏ నివేదికలోనూ ఉండకూడదని నిర్ణయమైంది. తువాంగ్ పని తువాంగ్‌కి ఉంది.

అతను సంచి సర్దుకుంటుంటే పక్కకు వెళ్ళి నిలబడింది. “అన్నా, ఆ రోజు నేను…”

“నువ్వు గెలిచావని నేను తుడవమన్లేదు,” అన్నాడు తువాంగ్. “నా మాటే సరైందని నాకు తెలుసు. అందరూ నవ్వుతున్నారని వదిలేశా. నూటపన్నెండు మంది. అది నా గొడవ. నువ్వు మంగళవారం ఎందుకు మాట్లాడలేదన్నది నీ గొడవ. దాన్ని నన్ను తీర్చమనకు.”

శుక్రవారం ఉదయం ఖువే కిందికి దిగింది.

“నువ్వా! ఇవాళ గురువారం కాదే,” అంది ఏడో పిన్ని.

“పాత ఓటమి, పిన్నీ. మూడు వారాలు దాటింది.”

పిన్ని చెంచాతో పాలు కలుపుతూ లెక్కవేసుకుంది. “ఆ వారం కాఫీ కొన్నది మీ తాబేలన్న కదే?”

ఆ పేరు పిన్నిదాకా చేరిందని ఖువేకి అప్పుడే తెలిసింది. తలూపి గ్లాసు అందుకుంది.

తువాంగ్ పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. గ్లాసు చూశాడు, వరస చివరిదాకా వెళ్ళాక “అక్కడ పెట్టు,” అన్నాడు. ఆమె పెట్టింది. మంచు కరిగి కాఫీ పైన తేటనీళ్ళు నిలిచాయి, గ్లాసు కింద తడి వలయం పడింది. అయిదింటికి అతను వెళ్ళిపోయేటప్పటికి అది నిండుగానే ఉంది.

ఆమె దాన్ని కిందికి తీసుకెళ్ళింది. పిన్ని కాలవలో పారబోసి, గ్లాసు కడిగి బోర్లించింది.